ముందు తాటిచెట్టు, తరవాతే రైలు

పోయినేడాది సంక్రాంతికి అమ్మ విశాఖ మర్రిపాలెంలో మా ఇంటికి వచ్చినప్పుడు నా లేఅవుట్, అంటే బల్ల మీద కట్టిన రైలు నమూనా, చూపించాను. 8 అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు ఉన్న ప్లైవుడ్ బల్ల. మీద పట్టాలు, వెనక థర్మాకోల్ చెక్కి చేసిన కొండలు, ఒక సొరంగం, ముందు పొలాలు. మూడేళ్ల పని. స్విచ్ వేయగానే ఇంజను సొరంగంలోంచి బయటికొచ్చి, వంపు తిరిగి, ఇనుప ఖనిజం వ్యాగన్లను లాక్కుంటూ వెళ్లింది. అమ్మ రైలును ఒక్కసారి చూసింది. తరవాత బల్ల మీదికి వంగి, కొండ కింద నేను వరసగా పెట్టిన చెట్లను చాలాసేపు చూసింది.

"ఇదేటి చెట్టురా? ఇలాటిది మన వైపు ఎక్కడా లేదే" అంది.

అమ్మ పుట్టి పెరిగింది శృంగవరపుకోట దగ్గర పల్లెలో. నేను బల్ల మీద కట్టింది ఆ నేలనే. శృంగవరపుకోట దాటి బొడ్డవర వైపు వెళ్తుంటే కనిపించే చోటు. మనందరం కేకే లైన్ అని పిలుచుకునే కొత్తవలస–కిరండూల్ లైన్ మైదానం వదిలి కొండ దగ్గరికి చేరేది అక్కడే. ఆ నేల మీద పుట్టిన మనిషి దాని బొమ్మను గుర్తుపట్టలేదు. ఇంజనుకీ వ్యాగన్లకీ రంగులు, నంబర్లు అన్నీ సరిగ్గానే వేశాను. తేడా కొట్టింది చెట్ల దగ్గర. అవి ఆన్‌లైన్‌లో ప్యాకెట్టుగా కొన్నవి, యూరప్ కొండల మీద పెరిగే సూదిమొన చెట్లు. వాటిని చూస్తే మంచు గుర్తొస్తుంది తప్ప మన ఉక్కపోత గుర్తురాదు.

ఆ రాత్రే వాటన్నిటినీ పీకేశాను. ఆ తరవాత ఈ ఏడాదిలో చేసిన పనితో నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఒకటుంది. మన రైల్వేకి నమూనా కట్టేవాళ్లు డబ్బు, సమయం, శ్రద్ధ అన్నిటికంటే ముందు చెట్ల మీద పెట్టాలి. ఇంజను వంతు ఆ తరవాత. ఆ చెట్లు కూడా మన నేల మీద నిలబడి ఉన్నవాటిని వెళ్లి చూసి, మన చేత్తో చేసుకున్నవి కావాలి.

ఇది ఇష్టాయిష్టాల మాట అనుకోకండి, లెక్క ఉంది. నేను వాడే స్కేల్ హెచ్‌ఓ, అంటే అసలుదానిలో 87వ వంతు. నా 8 అడుగుల బల్ల ఈ లెక్కన అసలు నేల మీద 212 మీటర్లు. ఖనిజం మోసే బాక్స్‌ఎన్ రకం వ్యాగన్ పొడవు దాదాపు 10.7 మీటర్లు, బల్ల మీద 12.3 సెంటీమీటర్లు. 58 వ్యాగన్ల గూడ్సును ఉన్నదున్నట్టు చేస్తే ఇంజన్లు కలపకుండానే 7 మీటర్లు దాటుతుంది, నా బల్లకు దాదాపు మూడింతలు. అందుకే పది పన్నెండు వ్యాగన్లతో సరిపెట్టుకుంటాం. పట్టాల సంగతీ అంతే. బజారులో దొరికే హెచ్‌ఓ పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. అది 1435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజ్‌కి సరిపోయే కొలత. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే 19.3 రావాలి. అంటే మన రైలు దాదాపు 3 మిల్లీమీటర్లు ఇరుకైన పట్టాల మీద నడుస్తోందన్నమాట. ఇక కొండ. ఈ లైన్‌లోనే పైన ఉన్న శిమిలిగుడ స్టేషన్ సముద్రమట్టానికి దాదాపు 996 మీటర్ల ఎత్తులో ఉంది. స్కేల్ ప్రకారం కడితే 11 మీటర్లు దాటుతుంది, మూడంతస్తుల మేడంత.

ఇలా రైలును కురచ చేశాం, పట్టాలను ఇరుకు చేశాం, వంపులను బిగించాం, కొండను అణగ్గొట్టాం. చోటు లేదు కాబట్టి తప్పదు, ఎవర్నీ తప్పు పట్టను. కానీ 20 మీటర్ల తాటిచెట్టు హెచ్‌ఓలో 23 సెంటీమీటర్లే. అది ఎవరి బల్ల మీదైనా పడుతుంది. కొలతలో ఏమీ తగ్గించకుండా, నిజం నిజంగా పెట్టగలిగిన అవకాశం అక్కడ ఉంది. దాన్ని కూడా పది సెంటీమీటర్లకు నరికేస్తున్నాం. ప్యాకెట్లో వచ్చే చెట్లు ఆ సైజులో ఉండటం ఒక కారణం. చెట్టు పెద్దదైతే పక్కన రైలు చిన్నబోతుందన్న భయం రెండోది.

చిన్నబోవాలనే నేనంటాను. రైలు పెట్టె ఎత్తు సుమారు 4 మీటర్లు, స్కేల్లో 4.6 సెంటీమీటర్లు. ఎదిగిన తాటిచెట్టు దానికి ఐదింతలు. శివలింగపురం దాటాక కొండ మలుపులో పోయే గూడ్సును కింద పొలంలో నిలబడి చూడండి. మూడు ఇంజన్లు కట్టిన అంత పెద్ద బండీ ఆకుపచ్చ గోడ మీద లాగిన నూలుపోగులా ఉంటుంది. ఈ లైన్‌ని 1960లలో జపాన్‌కి ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజం పంపడం కోసం వేశారు. 58 సొరంగాలు తవ్వారు. ఆ కష్టమంతా కొండతో, అడవితో పడిన కష్టం. బల్ల మీద అడవి రైలు మోకాలి దాకా ఉంటే ఆ కష్టం ఎవరికి కనిపిస్తుంది?

డాబాగార్డెన్స్‌లో నాకో స్నేహితుడు ఉన్నాడు. కేకే లైన్ ఇంజన్ల గురించి అతనికి తెలిసినంత నాకు తెలియదు. 1987, 88లలో స్వీడన్ నుంచి ఆరు, జపాన్ నుంచి రెండు రకాలు కలిపి పన్నెండు డబ్ల్యూఏజీ-6 కరెంటు ఇంజన్లు వాల్తేరు షెడ్డుకు వచ్చాయని, మూడు రకాలకీ ముఖం దగ్గర తేడా ఎక్కడుందో కూడా చెప్పగలడు. "గురూ, చెట్టు కోసం ఎవరైనా రైలు బొమ్మ కొంటారా? రైలు సరిగ్గా ఉంటే చాలు, మిగతాది అలంకారం" అంటాడు. అతని శ్రద్ధ మీద నాకు నిజంగా గౌరవం ఉంది. కానీ అతనింటికి వచ్చేవాళ్లలో ఆ పద్దెనిమిది ఇంజన్ల తేడా తెలిసినవాళ్లు ఎందరు? పట్టాలు 3 మిల్లీమీటర్లు ఇరుకని ఈ పదేళ్లలో ఒక్కరూ అడగలేదు. చెట్టు తప్పయితే మాత్రం అందరికీ తెలుస్తుంది. పుట్టినప్పటి నుంచీ చింతచెట్టును చూస్తున్నవాళ్లకి అది చింతచెట్టు అవునో కాదో చెప్పడానికి చదువక్కర్లేదు. అదీగాక ఒకే రకం ఇంజను వాల్తేరులోనూ తిరుగుతుంది, వేరే రాష్ట్రంలోనూ తిరుగుతుంది. అది ఏ ఊళ్లో ఉందో చెప్పేది పక్కనున్న చెట్టు, కిందున్న మట్టి.

అందుకని ముందు తాటిచెట్టుతో మొదలుపెట్టాను. ఎలా చేయాలో నేర్చుకోవడానికి ముందు ఎలా ఉంటుందో చూడటానికి నాలుగు ఆదివారాలు పట్టింది. పొద్దున్నే కిరండూల్ పాసింజర్ ఎక్కి శృంగవరపుకోటలో దిగడం, పొలం గట్ల వెంట నడవడం, ఫొటోలు తీయడం, నోటు పుస్తకంలో గీసుకోవడం. తాటిచెట్టు అంటే నిటారు స్తంభం, పైన గొడుగు అని నా మనసులో ఒక బొమ్మ ఉండేది. గట్టు మీద నిలబడి చూస్తే ఒక్కటీ అలా లేదు. మొదట్లో ఏదో ఒక పక్కకి వాలి, తరవాత నిటారు అయినవే ఎక్కువ. మొదలు దగ్గర కాండం ఉబ్బి ఉంటుంది. పోతుతాడి, పెంటితాడి వేరు, కాయలు పెంటితాడికే ఉంటాయి. కొన్నిటిని రావి చుట్టేసి ఉంది, పైన తాటి తల, నడుమున రావి ఆకులు. గిజిగాడి గూళ్లు ఆకుల చివర్ల నుంచి వేలాడుతున్నాయి.

అన్నిటికంటే పనికొచ్చిన సంగతి ఎండు మట్టలది. ఊరికి దూరంగా ఉన్న చెట్టుకి ఎండిన మట్టలు కింది వైపు వేలాడి, మెడ చుట్టూ గోధుమరంగు పావడాలా ఉంటాయి. ఊరి పక్కన చెట్టుకి అవి ఉండవు. పాకలకీ, దడులకీ, పొయ్యిలోకీ కొట్టి పట్టుకుపోతారు. తాటిచెట్టు మెడ చూస్తే దాని దగ్గర మనుషులున్నారో లేదో చెప్పొచ్చు. నా బల్ల మీద ఇప్పుడు తొమ్మిది తాటిచెట్లున్నాయి. పాకల పక్కన ఉన్న నాలుగింటికి మెడ శుభ్రంగా ఉంటుంది, గట్టు చివర ఉన్న ఐదింటికి ఎండు మట్టలు ఉంటాయి. కొన్న చెట్టులో ఈ తేడా ఎలా వస్తుంది?

చేసే పద్ధతి కష్టం కాదు, ఓపిక కావాలి. కాండానికి 4 మిల్లీమీటర్ల వెదురు పుల్ల, కబాబ్ గుచ్చేది. వేడి నీళ్ల ఆవిరి పట్టి కింది భాగాన్ని కాస్త వంచాలి. మొదలు దగ్గర ఫెవికాల్, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పొడి కలిపిన ముద్ద పెట్టి ఉబ్బు తేవాలి. కుట్టు దారాన్ని కింద నుంచి పైదాకా దగ్గర దగ్గరగా చుట్టి, పల్చటి ఫెవికాల్ పూస్తే మట్టలు రాలిన గుర్తుల్లాంటి వలయాలు వస్తాయి. రంగు మసి కలిసిన బూడిద. ఆకు ఒక్కోటి మీటరుకి పైన వెడల్పు ఉంటుంది కాబట్టి 14 మిల్లీమీటర్ల కాగితం చక్రాలు కత్తిరించి, విసనకర్రలా మడతలు పెట్టి, అంచులు కోయాలి. తొడిమకి గట్టి దారం. చెట్టుకి 35 ఆకులు. ఒక్కో చెట్టుకి నాకు రెండు సాయంత్రాలు పట్టింది. ఆకులన్నీ ఒకే పచ్చ వేయకండి. నడిబొడ్డున లేత పసుపుపచ్చ, చుట్టూ బూడిద కలిసిన పచ్చ, కింద వరస సగం ఎండినట్టు. గిజిగాడి గూడుకి కొబ్బరిపీచు ఉండ, ఆవగింజ కన్నా కొంచెం పెద్దది.

మామిడి, చింత చేయడానికి తీగ కావాలి. ఎలక్ట్రీషియన్లు పారేసే పాత వైరు ముక్కల్లో సన్నటి రాగి పోగులు ఉంటాయి. పాతిక ముప్పై పోగులు కలిపి మెలిపెడితే కాండం. పైకి పోతూ విడదీస్తూ మెలిపెడితే కొమ్మలు, కింద విప్పితే వేళ్లు. దాని మీద అదే ఫెవికాల్ ముద్ద. ఆరాక రంగు. ఇక్కడ అందరం చేసే పొరపాటు ఒకటి ఉంది. కాండం అనగానే చాక్లెట్ రంగు వేస్తాం. బయటికెళ్లి చూడండి, మన చెట్ల కాండాలు ఎక్కువగా బూడిదరంగువే. మామిడిది నల్లగా పగుళ్లు తేలిన బూడిద, నీలగిరి చెట్టుది తోలు ఊడిన చోట దాదాపు తెలుపు.

ఆకుల దగ్గర మామిడికీ చింతకీ ఒకే సరుకు వాడితే రెండూ పాడవుతాయి. మామిడి గుబురు, లోపలి నుంచి ఆకాశం కనిపించదు, కింద నీడ నల్లగా ఉంటుంది. దానికి పాత సోఫా స్పాంజిని ముక్కలు చేసి, అక్రిలిక్ రంగు పట్టించి, పనికిరాని మిక్సీలో కాస్త గరుకుగా తిప్పినది బాగుంటుంది. చింత ఆకు జల్లెడ లాంటిది, దాంట్లోంచి వెలుగు రాలాలి. దానికి మెత్తటి చెక్కపొట్టే సరైనది. నాకు ఆ పొట్టు ఏటికొప్పాకలో దొరికింది. అక్కడ లక్క బొమ్మల కోసం తరిమెన (కర్రను తిప్పుతూ చెక్కే యంత్రం) పట్టే అంకుడు కర్ర మెత్తగా ఉంటుంది, రాలే పొట్టు పిండిలా వస్తుంది. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. బొమ్మలు పేరుకెక్కాయి, ఆ బొమ్మల పొట్టు నా బల్ల మీద చింతాకు అయింది. ఒక సంచెడు ఇచ్చి డబ్బు తీసుకోనన్న కళాకారుడికి ఎప్పుడూ రుణపడి ఉంటాను.

రంగుల గురించి ఇంకో మాట. ఎండలో కోసుకొచ్చిన కొమ్మ పక్కన పెట్టుకుని అచ్చం అదే పచ్చ కలిపి వేస్తే, ట్యూబ్‌లైట్ కింద చెట్టు నల్లగా కనిపిస్తుంది. గదిలో వెలుగు ఎండతో పోలిస్తే ఎంతో తక్కువ. కాబట్టి రంగు ఒక మెట్టు తేలిక చేయాలి. వెనక్కి పోయేకొద్దీ ఇంకా తేలిక చేసి, కాస్త నీలం కలపాలి. సింహాచలం కొండను దగ్గరున్న ఎన్‌ఏడీ కూడలి వైపు నుంచి చూస్తే పచ్చగా ఉంటుంది, దూరంగా సముద్రం వైపు నుంచి చూస్తే బూడిదనీలం. కొండ ఒకటే, మధ్యలో గాలి ఎక్కువైంది. రెండున్నర అడుగుల బల్ల మీద అంత గాలి ఉండదు, దాన్ని రంగుతోనే పెట్టుకోవాలి.

మట్టి మాత్రం కొనకండి. బొడ్డవర దగ్గర రోడ్డు పక్క నుంచి రెండు గుప్పెళ్ల ఎర్రమట్టి తెచ్చి, పెనం మీద వేయించి, పాత చున్నీలో జల్లించాను. వేయించకపోతే దాంట్లోని పురుగు గుడ్లు, బూజు లేఅవుట్ మీద బతుకుతాయి. సగం నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క వేస్తే జిగురు మట్టిలోకి ఇంకుతుంది, లేకపోతే పైనే ముత్యంలా నిలబడుతుంది. తడిసి ఆరాక మట్టి ముదురు అవుతుంది, కాబట్టి ముందే కాస్త సున్నం పొడి కలిపి పెట్టుకోవాలి. సొరంగం ముఖం దగ్గర కోసిన బండ ఖొండలైట్, ఖోండ్ ఆదివాసుల పేరు మీద పిలిచే రాయి. ఈ వైపు తూర్పు కనుమల్లో ఎక్కువగా కనిపించేది అదే. నలిపిన అల్యూమినియం ఫాయిల్‌లో ప్లాస్టర్ పోసి తీస్తే ఆ పగుళ్లు వస్తాయి. ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలు కొందరు చూసి రాయికి బూడిదరంగు వేయమన్నారు. ఖొండలైట్ ఎండకీ వానకీ నానితే తుప్పు పట్టినట్టు ఎర్రబడుతుంది, మధ్యలో తెల్లటి మచ్చలు ఉంటాయి. ఆ తుప్పురంగే వేశాను.

విశాఖ వాళ్లకి ప్రత్యేకంగా ఒక హెచ్చరిక. సముద్రం ఇంత దగ్గర ఉంది కదా అని బీచ్ ఇసుక తెచ్చి పట్టాల మధ్య కంకరగా పోయకండి. నేను పోశాను. రెండు వారాల్లో ఇంజను ఆగిపోయింది. విప్పి చూస్తే మోటారు అయస్కాంతానికి నల్లటి ఇసుక గడ్డాలు కట్టి ఉంది. మన తీరం ఇసుకలో ఇల్మనైట్, మాగ్నటైట్ లాంటి ఇనుప ఖనిజాలు ఉంటాయి, అయస్కాంతం దగ్గర పెడితే పైకి లేస్తాయి. పైగా ఉప్పు, అది పట్టాలను తినేస్తుంది. అసలు రైల్వే కంకర 65 మిల్లీమీటర్ల రాయి, హెచ్‌ఓలో ముప్పావు మిల్లీమీటరు. కంకర క్వారీ దగ్గర దొరికే రాతిపొడిని జల్లించి, అయస్కాంతం తిప్పి చూసి వాడితే చాలు.

తడి గాలి కూడా మనకి శత్రువే. తొలి వానాకాలం కాగితం ఆకులన్నీ ముడుచుకుపోయాయి, చెక్కపొట్టుకి బూజు పట్టింది. ఇప్పుడు ఆకులు అతికించక ముందే వార్నిష్ వేస్తున్నాను. పొట్టును బోరిక్ పౌడర్ కలిపిన నీళ్లలో ఉడికించి ఆరబెడుతున్నాను. అప్పటి నుంచి ఇబ్బంది లేదు. గడ్డి నిలబెట్టడానికి కొందరు దోమల బ్యాట్ సర్క్యూట్ వాడుతున్నారు. సన్నటి నైలాన్ పోగులు విద్యుత్ ఆకర్షణకు జిగురు మీద నిటారుగా నిలబడతాయి, నిజంగానే బాగుంటుంది. స్విచ్ తీసేసినా దాని కెపాసిటర్‌లో షాక్ కొట్టేంత కరెంటు మిగిలి ఉంటుందని మాత్రం మరచిపోకండి. పిల్లలకి ఇవ్వకండి.

చాలామంది తలకెక్కించుకోని సంగతి ఒకటుంది, కాలం. నా స్నేహితులు ఒకరు కొండ మీద మోదుగపూలు పెట్టమన్నారు, ఇంకొకరు అరకు వలిసెపూల పసుపు పెట్టమన్నారు. రెండూ అందమైనవే. మోదుగ పూసేది ఫిబ్రవరి, మార్చిలో, ఆకు రాలిపోయిన కొమ్మల మీద. వలిసెలు నవంబరు, డిసెంబరులో పూస్తాయి. ఈ రెండూ కలిసి కనిపించే రోజు భూమ్మీద లేదు. పైగా వలిసె చేలు కొండ పైన అరకు వైపు సంగతి, నేను కట్టింది కొండ కింద. అందుకని నేను నవంబరు చివరి వారం అని రాసి బల్ల అంచున అంటించుకున్నాను. ఆ వారం వరి పండి బంగారురంగులో ఉంటుంది, కొన్ని మళ్లు కోసేసి మోళ్లు మిగిలి ఉంటాయి. చెరువు నిండుగా ఉంటుంది. కొండ ఇంకా పచ్చగానే ఉంటుంది. మామిడికి పూత రాలేదు. ఏ చెట్టుకి ఏ రంగు అని సందేహం వచ్చినప్పుడల్లా ఆ చీటీ చూస్తాను.

చెట్టు చెట్టుకీ ఇంత శ్రమ పడితే జీవితం చాలదని అడుగుతారు. నిజమే, ఆ మాటకు తలవంచుతాను. వెనక కొండ మీద అడవికి నేనూ ఇంత చేయలేదు. దూరం నుంచి ఘాట్ అడవి కాండాలు చూపించదు, తలలే చూపిస్తుంది, గుండ్లు పేర్చినట్టు. దిండులో నింపే ఫైబర్ దూది ఉండలు చేసి, జిగురులో ముంచి, స్పాంజి పొడిలో దొర్లించి ఆరు వందల తలలు పెట్టాను. ఐదు రకాల పచ్చలు, అక్కడక్కడా వెదురు పొదలు. రెండు ఆదివారాల్లో అయిపోయింది. శ్రమంతా ముందు వరసకి దాచుకోవాలి, కళ్లకు అడుగు దూరంలో ఉండే పాతిక ముప్పై చెట్లకి. ఆ పాతిక సరిగ్గా ఉంటే వెనకున్న ఆరు వందలనీ చూసేవాళ్లు నమ్ముతారు.

ఈ పని విదేశాల వాళ్లది, మనం వాళ్లను చూసి నేర్చుకోవాల్సిందే అనేవాళ్లతో నేను సగమే ఒప్పుకుంటాను. నేర్చుకోవాల్సినవాళ్లు ఉన్నారు. ఆస్ట్రేలియా నుంచి 1925లో ఇంగ్లండ్ వచ్చిన రాయ్ ఇంగ్లండ్ అనే ఆయన, పల్లెల్లో పాత ఇళ్లు, తోటలు రూపు మారిపోతుంటే చూసి తట్టుకోలేక వాటిని ఒక్కొక్కటే బొమ్మలుగా చేయడం మొదలుపెట్టారు. లాంగ్ విటెన్‌హామ్ అనే ఊళ్లోని పెండన్ మ్యూజియం అలా పుట్టింది. ఒక లోయ మొత్తాన్ని ఒక కాలంలో ఎలా ఉండేదో అలా నిలబెట్టే పని అక్కడ ఇప్పటికీ సాగుతోంది. ఆయన నుంచి తీసుకోవాల్సింది ఆ పట్టుదలని. ఆయన చెట్లు ఆయన లోయవి.

మిగతా సగం మన ఇళ్లలోనే ఉంది. మా అమ్మమ్మ సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టేది. మెట్ల పక్కన మట్టితో కొండ చేసి, పది రోజుల ముందే ఆవాలు, మెంతులు చల్లి మొలకెత్తించి పచ్చిక చేసేది. అద్దం ముక్క చుట్టూ ఇసుక పోస్తే చెరువు. చీపురు పుల్లకి పచ్చ కాగితం చుడితే అరటిచెట్టు. కొలతలు సరిపోవు, ఆవు ఇంటి కన్నా పెద్దదిగా ఉండేది. అయినా ఆ చెరువు ఏ చెరువో మా అందరికీ తెలుసు, గట్టు మీద రెండు తాటిచెట్లు పెట్టేది కాబట్టి. అమ్మ నా బల్ల మీదికి వంగి అంతసేపు వెతికింది ఆ రెండు తాటిచెట్ల కోసమేనని నాకు ఇప్పుడు అనిపిస్తుంది.

ప్రస్తుతం ఒక నిద్రగన్నేరు మీద పని చేస్తున్నాను. నాన్న ఈ లైన్‌లో పట్టాల దారి మార్చే పాయింట్స్‌మన్‌గా పనిచేసినప్పుడు మా క్వార్టర్స్ వెనక ఉండేది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చి, విశాఖలోనూ చుట్టుపక్కలా ఎన్ని చెట్లను పెళ్లగించిందో ఇక్కడ ఉన్న అందరికీ తెలుసు. ఇదీ ఆ రోజే పడిపోయింది. ఇప్పుడు వెళ్లి చూడటానికి మొదలు కూడా లేదు. నా దగ్గర ఉన్నదల్లా ఒక పాత ఫొటో, మాను పక్కన యూనిఫాంలో నాన్న. నాన్న ఎత్తు 168 సెంటీమీటర్లు. ఫొటోలో చెట్టు నాన్నకి తొమ్మిది రెట్లుంది. అంటే 15.1 మీటర్లు, బల్ల మీద 17.4 సెంటీమీటర్లు. నాన్న 19 మిల్లీమీటర్లు.

ఎత్తు తేలింది కానీ వెడల్పు తేలలేదు. నిద్రగన్నేరు ఎత్తు కన్నా వెడల్పే ఎక్కువ పెరుగుతుంది. ఫొటో కుడి అంచు దగ్గర పెద్ద కొమ్మ కోసుకుపోయింది, అది ఎక్కడిదాకా వెళ్లేదో నాకు గుర్తులేదు. పోయిన వారం పెందుర్తి వెళ్లి, అప్పట్లో పక్క క్వార్టర్స్‌లో ఉన్న పిన్నిగారిని అడిగాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "మా వంటగది రేకుల మీద దాకా వచ్చేది బాబూ, వానొస్తే కాయలు టపటపా రాలేవి. అమ్మాయికి ఉయ్యాల కట్టింది ఆ కొమ్మకే" అన్నారు. మాను నుంచి వాళ్ల వంటగదికి మా పెరడు, మధ్య గోడ, వాళ్ల పెరడు. అడుగులు లెక్కపెట్టి చెప్పించుకుంటే 10 మీటర్లు దాటింది. నేను వేసిన కొమ్మ 7 సెంటీమీటర్లే ఉంది. నిన్న రాత్రి దాన్ని కత్తిరించి, రాగి పోగులు కొత్తగా చేర్చి 12 సెంటీమీటర్లు చేశాను. బరువుకి వంగకుండా ముద్ద ఇంకో పూత వేయాలి. ఉయ్యాలకి దారం తీసి పెట్టాను.